ఏడో సీటు మీది

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. తార్నాకలో మా ఇల్లు. కంచాలు తీసేశాం గానీ టేబుల్ ఇంకా తుడవలేదు. పచ్చడి నూనె మరక పక్కనే మా ఆయన ఒక తెల్లకాగితం పరిచి, పెన్ను మూత పళ్లతో లాగి, రాయడం మొదలుపెట్టారు. రండి, ఆ కుర్చీ లాక్కుని కూర్చోండి. రేపు రెండో శనివారం. ఒక్కరోజులో వరంగల్ చూసి రావాలి. ఇంట్లో ఆరుగురం, బండికి ఏడు సీట్లు. ఏడోది మీది. కాకపోతే వెనక వరసలో చిన్నోడి పక్కన, చిరుతిళ్ల సంచీ మీ ఒళ్లో.

కాగితం మీదికి వంగి చూడండి. భువనగిరి కోట, కొలనుపాక, పెంబర్తి, వేయి స్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి, ఖిలా వరంగల్, రామప్ప, లక్నవరం, పాకాల. మొత్తం పది. కింద రెండు గీతలు కూడా కొట్టారు, లెక్క తేలిపోయినట్టు.

"ఇవన్నీ దారిలోనే కదా," అంటున్నారు. మగవాళ్లకు మ్యాపులో రెండు చుక్కల మధ్య ఉన్నదంతా దారిలోనే ఉంటుంది.

నేను పెన్ను తీసుకున్నాను. డిసెంబరు పొద్దు. ఆరున్నర దాటాక తెల్లారుతుంది, ఆరు కొట్టకముందే వాలిపోతుంది. ఇక్కణ్నించి హన్మకొండకు 140 కిలోమీటర్లు, టిఫినుతో కలిపి మూడు గంటలు. తొమ్మిదిన్నరకు చేరామనుకున్నా చేతిలో మిగిలేది ఎనిమిది గంటల వెలుతురు. రామప్ప హన్మకొండ నుంచి ఇంకో 70 కిలోమీటర్లు. పోనూ రానూ మూడు గంటలు, అక్కడ గంటన్నర. ఎనిమిదిలో నాలుగున్నర దానికే పోయాయి. మిగతా తొమ్మిదీ మూడున్నర గంటల్లో చూడాలి.

"అంటే రామప్ప కొట్టేస్తావా?" ఆయన గొంతులో నిజమైన బాధ. "2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. అక్కడిదాకా పోయి అది చూడకుండా వచ్చామంటే ఆఫీసులో నవ్వుతారు."

కొట్టేస్తాను. ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండే. రామప్ప 1213 నాటి గుడి. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. చూరు కింద నల్లరాతి మదనికలు ఒక్కొక్కరూ ఒక్కో భంగిమలో వంగి నిలబడి ఉంటారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. అలాంటి చోటికి మధ్యాహ్నం ఎండలో ఉరికి, పది ఫొటోలు తీసి, "త్వర త్వర, కోట మూసేస్తారు" అని పిల్లల్ని రెక్కపట్టి లాక్కురావడం నాకు చేతకాదు. దానికి ఇంకో రోజు, ఇంకో కాగితం. లక్నవరం, పాకాల కూడా ఆ కాగితం మీదికే పోయాయి. భువనగిరి కొండ కారులోంచి కనబడుతుంది, చాలు. ఏకశిల మీద అన్ని మెట్లు అత్తమ్మ మోకాళ్లు ఎక్కవు. అత్తమ్మ ఎక్కలేనిదేదీ రేపటి లెక్కలో లేదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఒక్కరోజు ప్రయాణానికి ప్లాను వేసేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టుకోవాలి, తర్వాత బాత్రూములను. గుళ్ల చరిత్ర ఆ తర్వాత. నా కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది అదే: టిఫిన్ సెంటరు, పెట్రోలు బంకు, మధ్యాహ్నం భోజనం హోటలు, కోట దగ్గర టికెట్ కౌంటరు. ఆడవాళ్లకు, షుగరున్న మామయ్యకు, ఆరేళ్ల పిల్లాడికి అసలైన మ్యాపు ఇదే.

సోఫాలోంచి మామయ్య గొంతు: "రైల్ల పోదాం. సికింద్రాబాద్‌ల ఎక్కితే కాజీపేటల దిగుతం. ఈ టోలు గేట్లు, ఈ లొల్లి ఎందుకు?"

మామయ్య రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఎనభైల్లో నాలుగేళ్లు కాజీపేట లోకో షెడ్డులో ఉన్నారు. ఆయన లెక్కలో హైదరాబాద్ దాటాక మొదటి ఊరు కాజీపేటే, మధ్యలో వచ్చేవన్నీ సిగ్నళ్లు. ఒంటరిగానో, ఇద్దరుగానో వెళ్తే నేనూ రైలే అంటాను. కాజీపేటలో గానీ వరంగల్ స్టేషన్లో గానీ దిగితే ఆటోలకు కొదవలేదు, హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడూ ఇప్పుడు ఒకదానికొకటి అతుక్కున్న ఒకే ఊరు. కానీ ఆరుగురం, మీతో ఏడుగురం అంటే రెండు ఆటోలు. దిగిన ప్రతిచోటా బేరం. పైగా కోట లోపల ఒక మూల నుంచి ఇంకో మూలకు నడవాలంటే అత్తమ్మ వల్ల కాదు. కారే ఖాయం. అయితే మామయ్య కోసం కాగితం మీద ఒక వరస కలిపాను: కాజీపేట స్టేషన్ బయట టీ, పావుగంట. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఒప్పుకున్నట్టే.

"నాకైతే భద్రకాళమ్మ దర్శనం గావాలె బిడ్డా," అంది అత్తమ్మ, బఠానీలు ఒలుస్తూ. "మిగిలినయి మీ ఇష్టం."

ఆ ఒక్క మాటతో రోజుకు నడుం దొరికింది. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. కాబట్టి భద్రకాళి పన్నెండులోపే అవ్వాలి. ఇక మిగిలింది వేయి స్తంభాల గుడి ముందా, కోట ముందా. మా ఆయన కోటే ముందు అన్నారు, పొద్దున చల్లగా ఉంటుందని. నేను కాదన్నాను. కోటలో ఉన్నది పడిపోయిన గుడి. నాలుగు తోరణాలు తప్ప తక్కినదంతా ముక్కలు ముక్కలుగా నేలమీద ఉంటుంది. నిలబడి ఉన్న గుడిని ముందు చూడని పిల్లలకు ఆ ముక్కలు ఉత్త బండరాళ్లు. "ఏముంది ఇక్కడ, రాళ్లే కదా" అంటారు, వాళ్ల తప్పు కాదు. పొద్దున ఒక స్తంభం ఎలా నిలబడుతుందో, దాని మీద దూలం ఎలా కూచుంటుందో, కప్పులో తామరపువ్వు ఎలా విచ్చుకుంటుందో చూసొస్తే సాయంత్రం ఆ ముక్కల్ని వాళ్లే గుర్తుపడతారు.

కాగితం మీద చివరికి మిగిలినవి నాలుగు. టీ, గుడి, అమ్మవారు, కోట. మా ఆయన దాన్ని చూసి, "ఇంతేనా?" అన్నారు. మా పెద్దమ్మాయి మాత్రం నోట్‌బుక్కులో అందంగా ఎత్తి రాసుకుంది. దానికి పదకొండేళ్లు. ప్రతి ప్రయాణానికీ ఒక నోట్‌బుక్కు పెట్టుకుంటుంది, సగం దాకా రాసి వదిలేస్తుంది.

పొద్దున అయిదున్నరకు బయల్దేరాలి. బయల్దేరింది ఆరూ పదికి. ఆ నలభై నిమిషాలు ఎటు పోయాయో మీరూ చూశారు. ఒకటి మామయ్య మాత్రల డబ్బా. రెండు, చిన్నోడి ఎడమకాలి చెప్పు. మూడు, గ్యాస్ కట్టేశానా లేదా అని లిఫ్టు దగ్గర్నుంచి నేను వెనక్కి వెళ్లడం. కట్టేసే ఉంది. ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. చెప్పుల సంగతి మాత్రం రాత్రే తేల్చాను: లేసుల బూట్లు వద్దు, రోజుకు నాలుగుసార్లు విప్పాలి, తొడగాలి. అందరికీ పాత సాక్సులు ఒక్కో జత సంచీలో పెట్టాను, ఎండ పడిన రాతి మీద నడవడానికి.

ఉప్పల్, ఘట్‌కేసర్ దాటేసరికి చీకటి పలచబడింది. అద్దం కొంచెం దించండి, చలిగాలిలో తడిసిన గడ్డి వాసన. బీబీనగర్ దాటాక ఎడమవైపు చూడండి. పొగమంచులోంచి భువనగిరి కొండ, కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు, ఒకే ఒక్క రాయి. దాని నెత్తిన కోటగోడ సన్నటి గీత. చాళుక్య విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట అది. ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు, ఆ పేరు నుంచే త్రిభువనగిరి, అదే నలిగి నలిగి భువనగిరి. సూర్యుడు పైకొచ్చేసరికి కారులో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చిన్నోడికి ఒంటేలు వచ్చింది.

ఆలేరు దగ్గర టిఫిను. స్టీలు ప్లేట్లో ఇడ్లీ, పల్లీ చట్నీ, పక్కన కారప్పొడి మీద ఒక చెంచా నెయ్యి. అత్తమ్మ ఇంటినుంచి తెచ్చిన సర్వపిండి ముక్కలు కూడా బయటికి తీసింది. హోటలాయన చూసి ఏమనుకుంటాడో అని నాకు సిగ్గు, ఆమెకు లేదు. ఆయనకే ఒక ముక్క పెట్టింది. ఆయన తిని, "నువ్వులు మంచిగ పడ్డయమ్మా" అన్నాడు.

జనగామకు ముందు పెంబర్తిలో రోడ్డు పక్క దుకాణాల్లో ఇత్తడి దీపపు సెమ్మెలు, గంటలు, నిలువెత్తు ద్వారపాలకులు ఎండలో మెరుస్తున్నారు. కాకతీయుల కాలం నుంచీ రేకు మీద నకిషీ పని చేస్తున్న ఊరు. మా ఆయన కారు నెమ్మది చేశారు. నేను ఏమీ అనలేదు, వాచీ చూశాను అంతే. కారు మళ్లీ వేగం అందుకుంది. వచ్చేటప్పుడు ఆగుదామన్నారు. వచ్చేటప్పుడు చీకటి పడుతుందని ఇద్దరికీ తెలుసు.

కాజీపేట. స్టేషన్ ఎదురుగా టీకొట్టు. మామయ్య గ్లాసు పట్టుకుని స్టేషన్ వైపు తిరిగి నిలబడ్డారు. గూడ్సు ఒకటి మెల్లగా పోతోంది. ఆయన పెదాలు కదులుతున్నాయి, డబ్బాలు లెక్కపెడుతున్నారు. ఉత్తరాదికీ, కోస్తాకూ, హైదరాబాద్‌కూ పోయే పట్టాలు ఇక్కడ కలుస్తాయి, విడిపోతాయి. "రాత్రి డ్యూటీల ఇంజిన్ల సప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ట్రాన్స్‌ఫరై పోయినంక సప్పుడు లేక నిద్ర పట్టలె," అన్నారు మీతోనే. మాతో ఎప్పుడూ అనలేదు ఆ మాట. పావుగంట అన్నది ముప్పావుగంట అయింది. తొందర పెట్టాలని నాకు అనిపించలేదు. ప్లాను రాసేటప్పుడు కాస్త వదులు ఉంచింది ఇందుకే.

పది దాటింది. వేయి స్తంభాల గుడి. హన్మకొండ నడిబొడ్డున, బస్సుల హారన్లకూ జామకాయల బండ్లకూ కూతవేటు దూరంలో ఉంటుంది. గేటు దాటగానే శబ్దం తగ్గుతుంది. చెప్పులు విప్పండి. రాయి ఇంకా చల్లగానే ఉంది.

దూరంగా నిలబడి ముందు ఆకారం చూడండి. నక్షత్రంలా కోణాలు తిరిగిన ఎత్తరుగు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడు. అప్పటికి రాజధాని ఇంకా హన్మకొండే, ఓరుగల్లు కాదు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు, మధ్యలో అందరికీ కలిపి ఒకే రంగమండపం. ఇలాంటిదాన్ని త్రికూటాలయం అంటారు. ఇప్పుడు పూజలు రుద్రేశ్వరుడికే. "మరి సూర్యుడేడి?" అని చిన్నోడు అడిగితే పెద్దది బయట ఆకాశం వైపు చూపించింది. పూజారి నవ్వారు.

లోపల చీకటి కాదు, వెన్నెల లాంటి వెలుగు. నున్నగా అద్దంలా తోమిన నల్లరాతి స్తంభాల మీద గుమ్మంలోంచి వచ్చిన వెలుగు జారుతోంది. చెయ్యి వెయ్యండి. కుండను సారెమీద తిప్పినట్టు గుండ్రంగా తీసిన వలయాలు, ఒకదాని కింద ఒకటి. వేలితో ఆ గాడి వెంట తిరిగితే ఎక్కడా గోరు తట్టదు. పైకి చూడండి, కప్పులో తామర. ద్వారం పక్కన రాతి జల్లెడలో నాట్యం చేసే బొమ్మలు బొటనవేలంత. పిల్లలు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నలభై దాటాక తగువు వచ్చింది, గోడలో సగం ఇరుక్కున్నదాన్ని ఒకటిగా లెక్కించాలా, అరగానా అని. వెయ్యి అన్నది లెక్క కాదు, మన భాషలో "బోలెడు" అనే మాటకు గౌరవరూపం అని మామయ్య తీర్పు చెప్పారు.

బయట నంది. ఒకే నల్లరాయి, మెడలో గంటల పట్టెడ, మువ్వలు, ప్రతి మువ్వా విడిగా. అత్తమ్మ దాని పక్కన అరుగు మీద కూచుంది. ఆమె చూపు నంది మీద లేదు, నందికి అవతల ఉన్న కల్యాణమండపం మీద ఉంది.

"మేమీడ ఉన్నప్పుడు ఇది పాతగ, ఓ దిక్కు కుంగినట్టు ఉండె," అంది. "గిట్ల లేకుండె."

మా ఆయన కాలేజీ రోజుల్లో, 2010 ప్రాంతంలో, స్నేహితులతో వచ్చినప్పుడు ఇక్కడ మండపమే లేదు. ఉన్నవి రాళ్ల వరసలు. పునాది కుంగి పడిపోయే స్థితికి వచ్చిన మండపాన్ని 2000ల నడుమ పూర్తిగా విప్పేశారు. ఒక్కో రాయికీ నంబరు వేసి, ఏది ఎక్కడినుంచి తీశారో రాసుకుని, పక్కన పేర్చారు. మళ్లీ కట్టడానికి ఏళ్లకు ఏళ్లు పట్టింది. కొన్ని రాళ్లు విరిగాయి, వాటి బదులు కొత్తవి చెక్కించారు. 2024 మార్చిలో, శివరాత్రి నాడు, మళ్లీ తెరిచారు. 132 స్తంభాలు.

అంటే ఈ ఒక్క మండపాన్ని మా ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా చూశారు. అత్తమ్మ ఒరిగిపోతుండగా. ఆమె కొడుకు కుప్పగా. ఆమె మనవడు ఇదిగో, ఇప్పుడు దాని చుట్టూ పరిగెత్తుతూ. దగ్గరికి వెళ్లి చూడండి, పాత రాయికీ కొత్త రాయికీ రంగులో తేడా కొన్నిచోట్ల తెలిసిపోతుంది.

"నంబర్లు వేశారా? నిజంగా?" చిన్నోడు ఆగిపోయాడు. వాడు లెగో ఆడతాడు కాబట్టి ఈ సంగతి వాడికి వెంటనే ఎక్కింది. "ఒక్క నంబరు తప్పయితే?"

"అయితే మళ్లీ విప్పాలె," అన్నారు మామయ్య, షెడ్డులో ఇంజిన్ విప్పి బిగించిన మనిషి గొంతుతో.

భద్రకాళి గుడికి పన్నెండు కాకముందే చేరాం. చెరువు మీదినుంచి గాలి, గట్టు మీద కొబ్బరి చిప్పలు, మైకులో నామాలు. శనివారమే కాబట్టి క్యూ ఇరవై నిమిషాల్లో కదిలింది, ఆదివారమైతే ఇంత తేలిక కాదు. లోపల అమ్మవారి ముందు మనకు దొరికేది అర నిమిషం. పెద్ద కళ్లు, ఎనిమిది చేతులు, నిమ్మకాయల దండ. అత్తమ్మ ఏం మొక్కుకుందో అడగలేదు. బయటికొచ్చి పులిహోర ప్రసాదం దొన్నెలో తింటూ చెరువు వైపు చూసి, "గీ గట్టు మీద మేం సాయంత్రాలు గూసునేటోళ్లం," అంది మామయ్యతో. "నువ్వు పల్లీలు గొనకపోతుంటివి." మామయ్య వెంటనే వెళ్లి పల్లీలు కొనుక్కొచ్చారు.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. హన్మకొండ చౌరస్తా దగ్గర మెస్సు, అరటాకు, పచ్చిపులుసు, పప్పు, కందిపొడి. అన్నం తిన్నాక మామయ్య కారులో ముప్పావుగంట కునుకు తీశారు. అది కూడా కాగితంలో రాసే ఉంది, "2.00, నిద్ర" అని. మా ఆయన దాన్ని చూసి నవ్వారు గానీ, ముందు గురక పెట్టింది ఆయనే.

మూడు గంటలు. కోట వైపు తిరిగాం. వరంగల్ పట్నం దాటుతుండగా రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద మట్టిదిబ్బ, మీద గడ్డి, తుమ్మచెట్లు, ఒకచోట మేకలు. రోడ్డు దాన్ని చీల్చుకుని పోతోంది.

"ఇదే కోటగోడ," అన్నాను.

"ఇదా? కొండ కదా," అంది పెద్దది.

ఇదే. ఓరుగల్లుకు రాతిగోడ బయట ఈ మట్టిగోడ ఉంది, దాని ముందు కందకం. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సేన వచ్చి కూర్చున్నది ఈ మట్టి ముందే. ఈటె దిగనంత గట్టిగా ఉందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసుకున్నాడు. మట్టి అని తీసెయ్యకండి. ఫిరంగి గుండు లేని రోజుల్లో, యంత్రాలతో విసిరిన రాయిని రాతిగోడ కంటే మట్టిగోడే బాగా మింగుతుంది.

తర్వాత రాతిగోడ. సున్నం పూత లేకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కించిన గ్రానైట్ దిమ్మెలు, కొన్ని మన కారంత. గణపతిదేవుడు మొదలుపెట్టాడు, కూతురు రుద్రమ పూర్తిచేసింది. ద్వారంలో కారు తిన్నగా పోదు, రెండుసార్లు మలుపు తిరగాలి. ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా కట్టిన మలుపు. ఇప్పుడు ఆ మలుపులో ఎదురుగా ఒక ట్రాక్టరు, దాని మీద పత్తి బస్తాలు. మా ఆయన వెనక్కి తీశారు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఏనుగును ఆపినట్టే ఈ రోజు మమ్మల్నీ ఆపింది.

లోపల మీరు అనుకున్న కోట లేదు. ఊరుంది. ఇళ్లు, కిరాణా కొట్టు, బడి, మిరప చేను, గేదెలు. కోటలో పుట్టి కోటలోనే పెరిగినవాళ్లకు ఇది "ఖిలా". ఒక అవ్వ అరుగు మీద మిరపకాయలు ఆరబోసింది, వరంగల్ మార్కెట్‌కు పోయేవి. ఆ ఘాటుకు ఏడుగురం తుమ్మాం, మీతో సహా.

టికెట్లు పెద్దవాళ్లకు పాతిక రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. లోపలికి రండి.

ఆ నాలుగు తోరణాలు. మీసేవలో తీసుకునే ప్రతి సర్టిఫికెట్ మీదా చూసిందే, రాష్ట్ర ముద్రలో చార్మినార్‌తో పాటు ఉన్నదే. కాగితం మీద అది అంగుళం ఎత్తు. ఇక్కడ కిందకు వెళ్లి నిలబడి తల వెనక్కి వాల్చండి. మెడ పట్టేస్తుంది. స్తంభాల నెత్తిన అడ్డదూలం, దాన్ని మోస్తూ అటూ ఇటూ వంగిన రాతి చేతులు, కింద వేలాడే తామరమొగ్గలు, పైన హంసలు. ఒక్క దేవుడి బొమ్మ లేదు, అందుకే వీటిని కూల్చకుండా వదిలేశారని అంటారు. నాలుగు దిక్కులకు నాలుగు, మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖాన్ రెండోసారి వచ్చి కోటను గెలిచాడు, కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకుపోయారు. ఆయన దారిలోనే పోయాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. గుడి ఇదిగో, మీ కాళ్ల ముందు, గడ్డిలో.

నేను ఏమీ చెప్పలేదు. పిల్లల్ని వదిలేశాను. ఇక్కడే నా రాత్రి లెక్క నిలబడాలి, లేదా పడాలి.

అయిదు నిమిషాలు వాళ్లు ఉత్తగానే తిరిగారు. తర్వాత పెద్దది ఒక రాయి ముందు వంగింది. "అమ్మా, ఇది పైకప్పుది. పొద్దున చూసిన పువ్వు." బోర్లా ఉండాల్సిన తామర వెల్లకిలా పడి, మధ్యలో నీళ్లు పట్టి ఉంది, ఒక పిచ్చుక తాగుతోంది. ఇంకాసేపటికి వలయాలున్న స్తంభం ముక్క దొరికింది. తర్వాత గుమ్మం పక్కన నిలబెట్టే జల్లెడలో సగం. ఒక చిన్న నంది, మూతి లేదు, మెడలో మువ్వలు అలాగే ఉన్నాయి. అత్తమ్మ దాని మీద చెయ్యి వేసి, అలవాటుగా ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

కాస్త దూరంలో ఖుష్ మహల్, దళసరి వాలుగోడలు, లోపల వరసగా ఎత్తయిన కమానులు. షితాబ్ ఖాన్ అనే పాలకుడు కట్టించాడని కొందరు, తుగ్లక్‌ల కాలానిదని కొందరు. పైకి మెట్లు ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది: ఆ చివర చెరువు పక్కన ఏకశిల గుట్ట, ఓరుగల్లుకు పేరిచ్చిన ఆ ఒంటిరాయి, మధ్యలో చేన్లు, చేన్ల నడుమ నాలుగు తోరణాలు, ఎండ వాటి మీద పసుపు నుంచి కుంకుమలోకి మారుతోంది. మా ఆయన అక్కడ నిలబడి చాలాసేపు ఫోన్ తియ్యలేదు. దిగుతూ, "రామప్పకు జనవరిలో వద్దామా?" అన్నారు. రాత్రి గీత కొట్టిన కాగితం ఆయన చొక్కా జేబులో మడతపెట్టి ఉంది.

అయిదు దాటింది. మామయ్య ఒక పడిపోయిన దూలం మీద కూచుని పల్లీల పొట్టు ఊదుతున్నారు. చిన్నోడు మాత్రం కనబడలేదు. వెతికితే, ఉత్తర తోరణం వైపు, వరసగా పేర్చిన ముక్కల మధ్య మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక్కో రాయి కిందికీ వంగి, పక్కలకు చూసి, చేత్తో మట్టి తుడుస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"నంబరు. దీని మీద లేదు. దాని మీద కూడా లేదు. ఎవరూ వెయ్యలేదా?"

"అప్పుడు వెయ్యలేదు నాన్నా."

వాడు కాసేపు నన్ను చూశాడు. లేచి, అక్క దగ్గరికి పరిగెత్తి, నోట్‌బుక్కు, పెన్సిలు లాక్కుని వచ్చాడు. రాత్రి అది అందంగా ఎత్తి రాసుకున్న ప్లాను వెనకపేజీ తిప్పి, మొదటి రాయి ముందు కూచుని, దాని బొమ్మలాంటిదేదో గీశాడు. పక్కన 1 అని రాశాడు. జరిగి, తామర దగ్గరికొచ్చి, 2. అక్క మొదట నోట్‌బుక్కు కోసం ఏడుపు మొహం పెట్టి, తర్వాత తనూ పక్కన కూచుని "అది కప్పుది, కప్పుది అని రాయి" అని చెప్పడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ విజిల్ వేసేసరికి పదిహేడు దాకా వచ్చారు.

"రేపొచ్చి మిగిలినయి రాసుకుందురు, లేవుండ్రి," అన్నాడు వాచ్‌మన్. చిన్నోడు మీ చెయ్యి పట్టుకుని లేచాడు. పెన్సిలు మీ జేబులోనే ఉండిపోయింది, చూసుకోండి.